అడిగితే మిగులుతుంది

నిశ్చయ తాంబూలాలు అయిపోయాయి. లగ్నపత్రిక చదివారు, పళ్లేలు మార్చుకున్నారు, అందరూ కాఫీలు తాగుతున్నారు. ఆడపిల్ల తండ్రికి ఒక మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ‘బావగారూ, మీ వైపు నుంచి ఎంతమంది వస్తారు?’ అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాడు. ఎందుకైనా మంచిదని క్యాటరింగ్ వాళ్లకు 300 ప్లేట్లు ఎక్కువే చెప్పాడు. ప్లేటు 600 రూపాయల లెక్కన ఆ అడగని మాట ఖరీదు లక్షా 80 వేలు. ఇలాంటి పెళ్లి మన వీధిలోనే ఏటా ఒకటైనా జరుగుతుంది.

పొదుపు అనగానే మన చూపు చిల్లర ఖర్చుల మీద పడుతుంది. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర కొత్తిమీర కట్ట కొసరడుగుతాం, ఆటో ఎక్కేముందు పది రూపాయల కోసం పావుగంట బేరమాడతాం. అదే మనల్ని ఏసీ కొట్లో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ చేతికిచ్చి, కాలిక్యులేటర్ మన వైపు తిప్పితే చాలు, తలూపేస్తాం. లక్షల బిల్లుల దగ్గర నోరు మెదపం. ఇల్లు గుల్లయ్యేది అక్కడే. కాఫీలు మానేసి, సినిమాలు తగ్గించి ఏడాదంతా కూడబెట్టింది ఒక్క పూట మొహమాటంతో పోతుంది. అందుకే ఈ కథనంలో ఏం మానుకోవాలో తక్కువ చెప్పి, ఎక్కడ ఏం అడగాలో ఎక్కువ చెప్తున్నాం.

బంగారం బిల్లు ఒక్కో వరసా చదవండి

పెళ్లి ఖర్చుల్లో మొదటిది నగలే. కొట్టుకు వెళ్లేముందు అందరం ఆ రోజు రేటు చూసుకుంటాం. కానీ రేటు ఊరంతా దాదాపు ఒకటే. కొట్టుకూ కొట్టుకూ తేడా వచ్చేది తరుగులో. కొన్ని బిల్లుల్లో దీన్నే వేస్టేజీ అనో, వీఏ అనో రాస్తారు. మజూరి కొన్నిచోట్ల అందులోనే కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల వేరే ఉంటుంది.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10 వేలనుకుందాం. 40 గ్రాముల హారం తీసుకున్నారు. తెలంగాణలో అయితే నాలుగు తులాలు, కోస్తా లెక్కలో ఐదు కాసులు. బంగారం విలువ 4 లక్షలు. తరుగు 18 శాతం వేస్తే 72 వేలు. అదే 12 శాతానికి దిగితే 48 వేలు. ఆ మొత్తం మీద పడే 3 శాతం జీఎస్టీ కూడా కలుపుకుంటే ఒక్క హారం మీద తేడా 24,720 రూపాయలు. తరుగు శాతానికి ప్రభుత్వం పెట్టిన రేటేమీ లేదు. బేరానికి ఒదిగేది అదే. సేల్స్‌మన్ చేతిలో కొంత, మేనేజర్ చేతిలో ఇంకొంత తగ్గింపు ఉంటుంది. అడగని వాళ్లకు ఆ రెండూ ఉండవు. నక్షీ పనికి, టెంపుల్ నగలకు తరుగు ఎక్కువ. సాదా గాజులకు, గొలుసులకు తక్కువ. రెండు మూడు కొట్లలో ఒకే రకం నగకు తరుగెంతో కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాలతో నాలుగో కొట్టుకు వెళ్లండి. మాట తీరే మారుతుంది.

బిల్లులో చూడాల్సిన రెండోది రాళ్లు. తూకం వేసినప్పుడు నగ మొత్తం బరువు చూపిస్తారు. అందులో రాళ్లు, పూసలు, లక్క ఎంత బరువున్నాయో తీసేసి, మిగిలిన నికర బంగారానికే డబ్బు కట్టాలి. మూడు గ్రాముల రాళ్లు బంగారం లెక్కలోకి జారితే పైన చెప్పిన రేటుకు 30 వేలు పోయినట్టే. మొత్తం బరువు, నికర బరువు, రాళ్ల బరువు, రాళ్ల ధర అన్నీ బిల్లులో విడివిడిగా ఉండాలి. నగ మీద హాల్‌మార్కుతో పాటు ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. కొట్లో కూర్చునే ఈ పని చేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి వాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తిరిగి అమ్మితే ఎంతిస్తారో కొనేముందే రాయించుకోవాలి.

నెలనెలా కట్టే బంగారం స్కీములు చాలావరకు 11 నెలలే ఉంటాయి. ఏడాది దాటి అడ్వాన్సు అట్టిపెట్టుకుంటే అది డిపాజిట్ కిందికి వస్తుంది, వాటికి నియమాలు గట్టిగా ఉంటాయి. స్కీము కట్టిన వాళ్లకు తరుగులో రాయితీ ఇస్తామంటారు. ఏ నగ మీద, ఎంత శాతం వరకు అన్నది చేరేముందే తేల్చుకోవాలి. ఇంకో సంగతి. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేస్తే 5 లక్షల వరకు బీమా ఉంటుంది. నగల కొట్టు స్కీముకు అలాంటి రక్షణ లేదు.

ఒక పూట పెట్టుకుని బీరువాలో దాచే నగలకు లక్షలు పోయడం అవసరమా అని ఈ తరం ఆడపిల్లలే అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డ్ నగలు దశాబ్దాలుగా దేశమంతా వెళ్తున్నాయి. వడ్డాణం, వంకీలు, జడబిళ్లల్లాంటివి అద్దెకు కూడా దొరుకుతున్నాయి. రోజూ మెడలో ఉండే గొలుసు, చేతి గాజులు బంగారంవి కొనుక్కుని, వేదిక మీది ఆర్భాటాన్ని అద్దె నగలకు వదిలేస్తే పెళ్లికూతురి అందానికి వచ్చిన లోటేమీ ఉండదు.

పగటి ముహూర్తం ఉందా పంతులుగారూ?

హాలు ఖర్చు సగం పంచాంగంలోనే తేలిపోతుంది. రాత్రి 2 గంటల ముహూర్తం పెట్టుకున్నారనుకోండి. చుట్టాలు 8 గంటలకు వచ్చి, భోంచేసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. తలంబ్రాల వేళకు మిగిలేది ఇంటివాళ్లూ ఫొటోగ్రాఫరూ. కానీ హాలు, గదులు, లైట్లు, జనరేటర్ తెల్లారేదాకా నడుస్తూనే ఉంటాయి. మర్నాడు టిఫిన్లు, మళ్లీ భోజనాలు. పగలు పది, పదకొండు గంటల ముహూర్తమైతే ఒక పూట టిఫిను, ఒక పూట భోజనంతో పెళ్లి అయిపోతుంది. లైట్ల డెకరేషన్ అక్కర్లేదు. పెద్దవాళ్లు కూడా హాయిగా కూర్చుని పెళ్లి చూస్తారు. కాబట్టి మంచి రోజు చూడమని చెప్పేటప్పుడే పురోహితుణ్ని ‘పగటి ముహూర్తం ఏదైనా ఉందా’ అని అడగాలి. లగ్నపత్రిక రాశాక అడిగి లాభం లేదు. మాఘంలో, శ్రావణంలో ఊరంతా ఒకే రోజు పెళ్లిళ్లు పెట్టుకుంటే హాలు వాడు చెప్పిందే రేటు. వారం మధ్యలో వచ్చిన రోజుకు, గిరాకీ తక్కువున్న తేదీకి తగ్గిస్తారు. అది కూడా అడిగిన వాళ్లకే.

హాలు అద్దె ఇంత అని చెప్పిన అంకె ఎప్పుడూ చివరి అంకె కాదు. కరెంటు మీటరు లెక్కన వేరే, జనరేటర్ డీజిల్ వేరే, క్లీనింగ్ వేరే, గదులు వేరే, జీఎస్టీ వేరే. బయటి నుంచి డెకరేషన్ వాళ్లనో వంటవాళ్లనో తెచ్చుకుంటే కొన్ని హాళ్లు రాయల్టీ పేరుతో ఇంకొంత అడుగుతాయి. అద్దె ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందో, అడ్వాన్సు ఏ పరిస్థితిలో వెనక్కి వస్తుందో అన్నీ ఒకే కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి. తాళాలు తీసుకునేటప్పుడు మీటరు రీడింగును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ముందు రోజో అదే రోజు సాయంత్రమో ఆ హాల్లో ఇంకో పెళ్లి ఉంటే వాళ్ల ఫోన్ నంబరు సంపాదించండి. స్టేజీ చట్రం, పందిరి ఇద్దరూ పంచుకుంటే డెకరేషన్ బిల్లు బాగా తగ్గుతుంది. పూలు హైదరాబాద్‌లో అయితే గుడిమల్కాపూర్ టోకు మార్కెట్‌లో తెల్లవారుజామున ఎవరైనా కొనొచ్చు. డెకరేటర్ కొనేదీ అక్కడే.

గుడిలో పెళ్లి చేసుకుంటే తక్కువ చేసుకున్నట్టు అని ఇంకా కొందరి మనసులో ఉంది. అది పోవాలి. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో 2016 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమ కంకణాలు దేవస్థానమే చూసుకుంటుంది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అన్నవరంలో రత్నగిరి మీద జరిగే పెళ్లిళ్లకు లెక్కే లేదు. కొండ మీద దగ్గరి వాళ్లతో పెళ్లి చేసి, ఊళ్లో ఒక పూట విందు పెట్టుకున్న కుటుంబాలు అప్పు లేకుండా బయటపడుతున్నాయి. పిల్ల కాపురానికి వెళ్లాక కూడా పుట్టింట్లో వడ్డీలు కడుతూ కూర్చునే పరిస్థితి కంటే అది వెయ్యి రెట్లు గౌరవం.

విస్తరి దగ్గర

భోజనాల దగ్గర అడగాల్సినవి నాలుగైదున్నాయి. ఎన్ని ప్లేట్లకు హామీ ఇవ్వాలి? చివరి లెక్క ఎన్ని రోజుల ముందు చెప్పాలి? చిన్నపిల్లల ప్లేటు ఎలా లెక్కేస్తారు? బ్యాండు వాళ్లు, డ్రైవర్లు, ఫొటోగ్రాఫర్లు ఏ లెక్కలోకి వస్తారు? అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ ఐటమ్ తీసేస్తే ప్లేటుకు ఎంత తగ్గుతుంది? నాలుగు రకాల అన్నాలు, మూడు స్వీట్లు, చాట్ కౌంటరు, నూడుల్స్ కౌంటరు అన్నీ పెడితే అతిథి తినేది ఎప్పుడూ తినేంతే, మిగతాది ప్లేటులోనే ఉండిపోతుంది. పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, గుత్తి వంకాయ, సాంబారు, గడ్డపెరుగు, నెయ్యి వేసిన ఒక్క బూరె. ఇవి బాగా కుదిరితే జనం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. నూడుల్స్ కౌంటరు ఉందో లేదో ఎవరికీ గుర్తుండదు.

పెళ్లిరోజు ఖాళీ ప్లేట్లు పెట్టే బల్ల దగ్గర నమ్మకమైన మేనల్లుణ్నో తమ్ముణ్నో నిలబెట్టండి. ఎన్ని ప్లేట్లు తీశారు, ఎన్ని వాడారు అన్న లెక్క మన దగ్గర కూడా ఉంటే సాయంత్రం బిల్లు దగ్గర వాదన ఉండదు. పల్లెల్లో ఇప్పటికీ ఉన్న పద్ధతి ఇంకొకటి. వంట మాస్టరును కూలికి మాట్లాడుకుని, సరుకులు మనమే తెచ్చుకోవడం. ఖర్చు తగ్గుతుంది కానీ ఇంట్లో మనుషులుండాలి. మాస్టరు రాసిచ్చిన సరుకుల చిట్టా మరో మాస్టరుకు కూడా చూపించండి. నూనె, నెయ్యి, జీడిపప్పు దగ్గరే అంకెలు పెరుగుతుంటాయి. మిగిలే సరుకు వెనక్కి తీసుకుంటారా అని కొట్టువాణ్ని కొనేటప్పుడే అడగాలి.

బట్టల గురించి క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ మారింది. ఒక్కోటి 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆ పైన 18 శాతం. 2,600 చొక్కాకు, 2,500 చొక్కాకు మధ్య తేడా వంద మాత్రమే అనుకోకండి. పెట్టుబడి చీరలకు పోచంపల్లి, మంగళగిరి, ధర్మవరం వెళ్లి నేత సంఘాల దగ్గరే కొనుక్కోవడం అన్నివిధాలా మంచిది. డబ్బు మిగులుతుంది, అది నేరుగా మగ్గం దగ్గరికి చేరుతుంది. తాంబూలంతో ఇచ్చే స్టీలు గిన్నెలు, డబ్బాలకు హైదరాబాద్ వాళ్లకు బేగంబజారు ఉండనే ఉంది.

ఇంత చేసినా డబ్బు సర్దాల్సి వస్తే చాలామంది చూసేది చీటీ వైపు. నెలకు 5 వేల చొప్పున 20 నెలల లక్ష రూపాయల చీటీని పెళ్లి తొందరలో మొదటి నెలే 30 వేలు తగ్గించి పాడుకుంటే చేతికొచ్చేది 70 వేలు. కట్టడం మాత్రం చివరిదాకా తప్పదు. పెళ్లీడు పిల్ల ఇంట్లో ఉందని ముందే తెలుసు కదా. రెండేళ్ల ముందు చేరి చివరి నెలల్లో తీసుకున్న వాళ్లకు అదే చీటీ లాభంగా మారుతుంది. చీటీ రిజిస్టరైందా, ఒప్పందం కాగితం ఇస్తారా, కమీషన్ ఎంత అని అడగాలి. 1982 చిట్‌ఫండ్ చట్టంలో 5 శాతంగా ఉన్న కమీషన్ పరిమితిని 2019లో 7 శాతానికి పెంచారు. తెలిసినవాళ్లు నడిపేదని కాగితం లేకుండా కట్టకండి. ఇక క్రెడిట్ కార్డు మీద పెళ్లి షాపింగు చేసి, కనీస మొత్తం కట్టుకుంటూ పోవడం అన్నిటికంటే ప్రమాదం. చాలా కార్డుల మీద మిగిలిన బాకీకి నెలకు 3 నుంచి 3.75 శాతం పడుతుంది. వీధి చివర వడ్డీ వ్యాపారిని తిట్టుకునే మనం అలాంటి వడ్డీని జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాం.

200 దాటిన ఒక్క యూనిట్

రోజువారీ ఖర్చుల్లో కూడా ఇదే తీరు. వంద చోట్ల పొదుపు చేయనక్కర్లేదు. రెండు మూడు చోట్ల లెక్క తెలిస్తే చాలు.

కరెంటు చూడండి. తెలంగాణలో 2022 నుంచి అమల్లో ఉన్న ఇళ్ల టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 యూనిట్లు వాడారనుకోండి. మొత్తం 200 యూనిట్లకూ రేటు 5.10కి మారుతుంది, చివరి యూనిట్‌కు 7.70 పడుతుంది. చార్జీ 1,027 దాటుతుంది. ఒకే ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైనే. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్లకైతే ఆ గీత దాటితే మొత్తం బిల్లే కట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్లాబు మారినా కింది యూనిట్లకు పాత రేటే ఉంటుంది కాబట్టి ఇంత పెద్ద కుదుపు రాదు. తెలంగాణ వాళ్లు మాత్రం బిల్లు తీసే తేదీకి వారం ముందు మీటరు వైపు ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి. నెలాఖరుకు లెక్క 200 దాటేలా ఉంటే ఇస్త్రీ, గీజర్, వాషింగ్ మెషీన్ కాస్త చూసుకుని వాడొచ్చు.

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు 40 యూనిట్లకు పైగా మిగులుతాయి. 235 యూనిట్లు వాడే ఇల్లు దీంతో 200 లోపుకు దిగుతుంది, ఎనర్జీ చార్జీలో 500 దాకా తగ్గుతుంది. ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే ఇళ్లలో 24కు మార్చి ఫ్యాను వేసుకుంటే చాలు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది.

వంటింటి సరుకుల విషయంలో మన అమ్మమ్మల పద్ధతిని మించింది లేదు. కొత్త కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, పసుపు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, కారం మర పట్టించి జాడీల్లో పెట్టేవారు. రెండు మూడు ఇళ్లు కలిసి బస్తా లెక్కన కొంటే అపార్ట్‌మెంట్లలోనూ అది కుదురుతుంది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో రోజూ ధరల బోర్డు పెడతారు. ఆ బోర్డును ఫొటో తీసుకుంటే వీధిలో బండి దగ్గర ఏ కూర ఎంతకు కొనాలో తెలుస్తుంది. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ మీది పెద్ద అంకెను వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ ధర చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె దాదాపు 910 గ్రాములుంటుంది. పక్కనే అదే సైజులో కనిపించే ఇంకో ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండొచ్చు. ధర తక్కువని తీసుకున్నది నిజానికి ఎక్కువ పడుతుంది.

మందుల దగ్గర మనం అసలు నోరు తెరవం. బీపీ, షుగరు ఉన్న ఇద్దరు పెద్దవాళ్ల ఇంట్లో నెలకు వేల రూపాయలు మందులకే పోతాయి. వీటిని ఒక నెల కాదు, జీవితాంతం వాడాలి. కాబట్టి ఇక్కడ మిగిలే ప్రతి రూపాయీ ప్రతి నెలా మిగులుతుంది. జనరిక్ మందులమ్మే జన ఔషధి కేంద్రాల్లో మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్, అటోర్వాస్టాటిన్ లాంటి రోజువారీ మందులు బ్రాండు ధరలో సగానికంటే తక్కువకే దొరుకుతాయి. డాక్టరుగారిని మందు అసలు పేరు రాయమని అడగండి. ‘డాక్టరుగారూ, ఇదే మందు జన ఔషధిలో తీసుకోవచ్చా?’ అంటే కోప్పడే డాక్టర్లు తక్కువే. ఫిట్స్, థైరాయిడ్ మందుల్లాంటివి మాత్రం కంపెనీ మార్చేముందు ఆయనకు చెప్పి తీరాలి. మందు ధరకు ప్రభుత్వం పెట్టిన పరిమితి ఎంతో ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూడొచ్చు. పది రోజులకు రాసిన మందుకు పదిహేను మాత్రల స్ట్రిప్పు మొత్తం అంటగడితే పదే ఇవ్వమనండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీని కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఈసారి రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు పన్ను పడిన పాత రసీదు పక్కన పెట్టుకుని చూడండి. పన్ను పోయినా కట్టాల్సిన మొత్తం తగ్గకపోతే, అసలు ప్రీమియం ఎందుకు పెరిగిందో ఏజెంటునే అడగండి.